నలభై మూడు కాగితం పూలు

ఫిబ్రవరి 3, మంగళవారం

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన నేను, ఈ రోజు లైబ్రరీ మేడ మీద గదిలో కూర్చుని రబ్బరు ముక్కను ఇంకులో అద్ది కాగితం మీద ఒత్తాను. ఫెర్న్ ఆకట. చేపను తిని పక్కన పెట్టిన ముల్లులా వచ్చింది. "అబ్బ, ఎంత బాగొచ్చిందో!" అన్నారందరూ. ఇక్కడ ఎవరు ఏది ఒత్తినా బాగానే వస్తుంది.

తప్పు ఫిజియోథెరపిస్టుది. డిసెంబరులో మంచు మీద జారి విరగ్గొట్టుకున్న కుడి మణికట్టుకి పోయిన వారం పిండికట్టు తీశారు. "వేళ్ళు బిగుసుకుపోతాయండీ, ఏదైనా సన్నపని చెయ్యండి. లైబ్రరీలో మంగళవారాలు గ్రీటింగ్ కార్డులు చేస్తారు, వెళ్ళకూడదూ?" అన్నాడు. వెళ్ళాను. చెయ్యి కోసం వెళ్ళాను. ఇంకే కారణమూ లేదు.

నేర్పే ఆమె పేరు జానెతా. వృత్తి గోళ్ళకు రంగులు వెయ్యడం. తన గోళ్ళ మీదా పూలే, అవీ తప్పుల తడకే. బల్ల మీద చేత్తో తిప్పే చిన్న యంత్రం ఉంది. ఆకు అంచులా వంచిన సన్నటి ఉక్కు చట్రాన్ని అట్ట మీద పెట్టి, రెండు పలకల మధ్య ఇరికించి, పిడి తిప్పితే రెండో వైపు నుంచి కత్తిరించిన ఆకు బయటికొస్తుంది. ఆ చట్రాన్ని డై అంటారు. మొక్క మొలవడానికి మూడు వారాలు పడుతుంది, వీళ్ళకి మూడు సెకన్లు.

మా అపార్టుమెంటులో మా మెట్ల వరసలోనే కింది వాటాలో ఉండే ఒతీలియా గారు కూడా అక్కడే ఉన్నారు. నలభై ఏళ్ళు మాంసం కొట్లో తూకం వేసిన మనిషి. నన్ను చూడగానే గది మొత్తానికి వినపడేలా, "ఏం టీచరమ్మా, మీ ఆయన కప్పు పని అయిందా?" అంది.

"హుబెర్ట్ ఇల్లు పాతది. పని పెద్దది," అన్నాను.

మా ఆయన వలేరియన్ వాళ్ళ అన్న హుబెర్ట్ ఇంట్లో ఉన్నాడు. ఒపోలే పట్నం దగ్గర పల్లెలో. కప్పు మార్చడానికి సాయం వెళ్ళాడు.

ఫిబ్రవరి 4

ఫోను రాలేదు. కప్పు మీద ఉన్న మనిషికి ఫోను వినపడదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఈ వారం పాఠం మంచుపువ్వు. బయట ప్రహరీ పక్కన నిజం మంచుపూలు నేలను చీల్చుకుని వస్తున్నాయి. పది అడుగులు వేస్తే చూడొచ్చు. ఒక్కరూ లేవలేదు. అందరూ జానెతా డై చుట్టూ మూగారు. ఆ డై ఐదు రేకులు కోస్తుంది.

"ఆరుండాలి. బయట మూడు, లోపల మూడు," అన్నాను.

"ఐదైతే చూడ్డానికి ముద్దుగా ఉంటుంది టీచర్ గారూ," అంది జానెతా.

ముద్దుగా ఉంటుందట! సృష్టికర్తకు ఆ మాత్రం తెలియకపోయింది.

నా కార్డు గురించి రాయను. పిడి తిప్పడానికి మణికట్టు సహకరించలేదు, కాడ సగంలో తెగింది. ఒతీలియా గారు నా వాటా కూడా తిప్పి పెట్టింది. మాంసం కోసిన చేతులు కదా, బలానికేం లోటు.

ఫిబ్రవరి 12, గురువారం

ఉపవాసాల ముందు వచ్చే తిండి గురువారం. బేకరీ ముందు వీధి మలుపు దాకా వరస. గులాబీ జామ్ పెట్టిన బూరెలు రెండు కొన్నాను. రెండూ నేనే తిన్నాను. రెండోది బాగాలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

జానెతా దగ్గర రెండు వందల పైన మొక్కల స్టాంపులున్నాయి. అన్నీ తిరగేశాను. గులాబీలే డెబ్భై. ఎడారి మొక్కలు కూడా ఉన్నాయి, మన నీసా ఊళ్ళో ఎవరి పెరట్లో ఉన్నాయో మరి. వలేరియానా లేదు. ఈ దేశంలో ప్రతి చిత్తడి నేలలో, ప్రతి కాలవ గట్టు మీద మొలిచే మొక్క. మందుల షాపుల్లో సీసాల కొద్దీ అమ్ముతారు. స్టాంపు మాత్రం లేదు.

"దేనికండీ అది?" అంది జానెతా.

"అభ్యాసానికి. నిర్మాణం ఆసక్తికరంగా ఉంటుంది."

"వలేరియన్ గారి పేరు పండగ ఏప్రిల్లోనేగా?" అని ఆ చివర్నించి ఒతీలియా గారు. ఏ పునీతుడి రోజున ఎవరి పేరు పండగో, ఊరి మొత్తం పుట్టుపూర్వోత్తరాలు కూడా మాంసం కొట్లో తూకం వేసేవారు కాబోలు.

ఎవరి కోసమూ కాదన్నాను. నిజంగానే ఎవరి కోసమూ కాదు.

ఫిబ్రవరి 22

వంటగది బల్ల మీద రబ్బరు దిమ్మెను బ్లేడుతో చెక్కుతున్నాను. వలేరియానా పువ్వు గొట్టం ఆవగింజంత ఉంటుంది, చివర ఐదు తమ్మెలు, అవీ సమానంగా ఉండవు. బొటనవేలు కోసుకున్నాను. అభ్యాసం.

మార్చి 3, మంగళవారం

ఒతీలియా గారి కార్డు చూశాను. ఒకే కాడకి మంచుపువ్వు, పొద్దుతిరుగుడు, దేవదారు కాయ. ఒక్కో రేకు కింద స్పాంజి ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి రెండు వేళ్ళ మందాన లేపింది. కవర్లో పట్టదు, పోస్టు డబ్బాలో దూరదు.

"ఇది మొక్క కాదండీ, రోడ్డు ప్రమాదం," అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వించడం నాకు చేతనవును.

ఒతీలియా గారు నవ్వలేదు. "మా చెల్లి ఫెలిత్సియాకి ఇది. దానికి చూపు లేదు. వేళ్ళతో తడిమి చూసుకుంటుంది. అందుకే ఎత్తుగా పెట్టాను," అంది.

అక్కడితో ఆగితే సరిపోయేది. "అయితే మరీ తప్పు. చూడలేని మనిషికి అబద్ధం చెబుతున్నారు," అన్నాను.

అప్పుడు ఎవరూ నవ్వలేదు.  ఒతీలియా గారు తన ఇంకు ప్యాడ్లు, కత్తెర, స్పాంజి ముక్కలు ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకుని, లేచి కిటికీ పక్క బల్ల దగ్గరికెళ్ళి కూర్చుంది.

మార్చి 4

నేను చెప్పింది నిజం. మంచుపువ్వుకి ఐదు రేకులుండవు.

మార్చి 5

ఆరే.

మార్చి 10, మంగళవారం

వాన. వెళ్ళలేదు. వానకే వెళ్ళలేదు.

మార్చి 17, మంగళవారం

ఇవాళా వెళ్ళలేదు. సాయంత్రం నాలుగింటికి తలుపు చప్పుడైంది. ఒతీలియా గారు. చేతిలో నేను లైబ్రరీ బల్ల మీద మరిచిపోయిన సన్నమొన కత్తెర.

"కూర్చోండి," అన్నాను. కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"మా ఫెలిత్సియా వ్రోత్స్వావ్ నుంచి ఫోన్ చేసిందమ్మా. కార్డు అందిందట. మంచుపువ్వు తడిమి చూసి, 'అక్కా, దీనికి ఆరు రేకులుంటాయి కదే, ఒకటి నువ్వు తిన్నావా?' అని ఒకటే నవ్వు. పదకొండేళ్ళ దాకా దానికి చూపుండేది. పూలన్నీ దానికి గుర్తే."

"అంటే నేనన్నది నిజమేగా."

"నిజమే. అదే మాట మీరంటే నా ప్రాణం చచ్చిపోయింది. అదంటే ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. అంతే తేడా."

కత్తెర నా చేతిలో పెట్టి రెండు మెట్లు దిగింది. మళ్ళీ ఆగింది.

"ఇంకో మాట టీచరమ్మా. మా ఆయన, ఆయన ఆత్మకి శాంతి కలగాలి, ముప్పై ఏళ్ళు ఇళ్ళ కప్పులు వేశాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈ దేశంలో ఎవడూ కప్పు ముట్టుకోడు. వచ్చే మంగళవారం రండి. మీ పిడి నేను తిప్పుతాను."

ఆమె దిగి వెళ్ళాక తలుపేసి కత్తెర సొరుగులో పెట్టాను.  

మార్చి 18

లోపలి వైపు నుంచి వేస్తున్నారేమో. దూలాలు అవీ. లోపలి పనికి మంచు అడ్డం రాదు.

మార్చి 24, మంగళవారం

వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు, అదొక దయ. దయ నాకు పడదు.

నేను చెక్కిన స్టాంపులో కాడ ఒక్కటే సరిగ్గా కుదిరింది, ముందు దానితో లేత ఆకుపచ్చ అట్ట మీద కాడ ఒత్తాను. వలేరియానా కాడకి నిలువునా గాట్లుంటాయి, అవి చక్కగా పడ్డాయి. ఆకులకి ఫెర్న్ డై వాడక తప్పలేదు. ఒతీలియా గారు పిడి తిప్పింది, నేను సన్నమొన కత్తెరతో ఒక్కో ఆకునూ సరిచేశాను: చిన్నాకులు జంటలు జంటలుగా, కొసన ఒంటరిగా ఒకటి. పూలకి జానెతా దగ్గరున్న అన్నిటికంటే చిన్న డై తీసుకున్నాను. అది నాలుగు రేకులు కోస్తుంది. లైలాక్ పూల కోసం చేసిందట.

"వలేరియానాకి ఐదు," అన్నాను.

"అయితే ఐదోది అతికించుకోండి," అంది ఒతీలియా గారు.

నన్ను వెక్కిరించడానికే అంది. అతికించాను. బియ్యపు నూకంత ముక్కని పటకారుతో పట్టుకుని, ఒక్కో పువ్వుకీ. వేళ్ళు వణికాయి. కొన్ని రేకులు వంకరగా కూర్చున్నాయి. అసలు పువ్వులోనూ అవి సమానంగా ఉండవు, కాబట్టి తప్పు కాదు. సాయంత్రానికి పదకొండు పూలయ్యాయి. జానెతా వాటి అంచులకి లేత గులాబీ రంగు స్పాంజితో అద్దింది. నేను అడగలేదు. కానీ తీసెయ్యలేదు.

నడిగుత్తిలో ఉన్న పూలకి మాత్రం కింద స్పాంజి ముక్కలు పెట్టాను. గుత్తి మధ్యలో ఉబ్బి ఉంటుంది, అది శాస్త్రమే.

మార్చి 29

ఇరవై ఆరు.

ఏప్రిల్ 5, ఈస్టరు

గుడ్లు నాలుగు ఉడకబెట్టాను. అలవాటు. మీగడ పులుసూ ఇద్దరికి సరిపడా కాచాను. సాసేజి బాగా దొరికింది, అంతవరకు చెప్పుకోవచ్చు. ఒతీలియా గారు గుమ్మం ముందు గొర్రెపిల్ల ఆకారంలో కేకు పెట్టి పోయింది. గొర్రెపిల్ల కుక్కలా ఉంది. తిన్నాను.

ఏప్రిల్ 8

నలభై మూడు. ఇక పట్టవు.

ఏప్రిల్ 11, శనివారం

కార్డు లోపల ఏం రాయాలి? జానెతా దగ్గర ఆ స్టాంపులూ ఉన్నాయి: "నీ రోజున వేయి పూలు", "హృదయపూర్వక శుభాకాంక్షలు". ఆ మాటలు చూస్తేనే పళ్ళు పులుస్తాయి. సొంతంగా రాయబోయాను. "ఆరోగ్యంగా ఉండాలి" అని చిత్తుకాగితం మీద రాస్తే ప్రభుత్వ ఆఫీసు నోటీసులా ఉంది. "ఇల్లు బాగానే ఉంది" అని రాశాను. కొట్టేశాను. బాగా లేదు గనక.

ఇది నా ఒక్కదాని పుస్తకం. ఇందులో కూడా అబద్ధాలు రాస్తే ఇక ఎక్కడ రాయను?

కప్పు పని లేదు.

డిసెంబరు 8న వలేరియన్ పక్షుల కోసం గింజల బల్ల చేశాడు. ఎలక్ట్రీషియను పని చేసి రిటైరైన మనిషి, వడ్రంగం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. రెండు వారాలు కింద నేలమాళిగలో కూర్చుని చేసి, బాల్కనీలో బిగించి, భోజనానికి వచ్చిన వాళ్ళకి చూపించాడు. నేను చూశాను. కమ్మీలకి మరీ దగ్గరగా, మరీ కిందికి ఉంది. "ఇది పక్షులకి కాదు, పిల్లులకి వడ్డించిన విస్తరి," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. గిన్నెలు కడిగి, తుడిచి, లోపల సర్దాడు. మర్నాడు పొద్దున్న సూట్‌కేసుతో నిలబడ్డాడు.

"నీతో బతకడం రోజూ పరీక్ష రాయడమే లూద్‌కా. ముప్పై ఆరేళ్ళు రాశాను. ఇక రాయను."

నేనేమన్నాను? "కండువా మర్చిపోయావు," అన్నాను.

తొమ్మిది రోజుల తర్వాత ఆ బాల్కనీ బల్లకి గింజలు కొనడానికి వెళ్తూనే మంచు మీద జారాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఎవరి చేతా చెప్పించలేదు. జాలిపడి తిరిగొచ్చే మొగుడు నాకక్కర్లేదు. ఊళ్ళో నవ్వుతారని కప్పు కథ అల్లాను. మొగుడు వదిలేశాడన్న బాధకి కాదు, మెట్లవరసలో వాళ్ళు నవ్వుతారని.

లోపల ఏమీ రాయలేదు. ఉత్త కార్డు.

ఏప్రిల్ 14, మంగళవారం

పోస్టులో పంపితే పూలు నలుగుతాయి. అందుకని నేనే తీసుకెళ్ళాను. అందుకే.

ఒపోలే దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. కార్డుని చెప్పుల పెట్టెలో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. తోటికోడలు గిజేలా తలుపు తీసింది. లోపల వంటింట్లో పేరు పండగ వాసన, ఆపిల్ కేకు. నన్ను చూసి "యేసూ!" అంది, తర్వాత "రా, లోపలికి రా," అంది.

వలేరియన్ బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. మందంగా తీస్తున్నాడు, సగం దుంప తొక్కతోనే పోతోంది. చూశాను. ఏమీ అనలేదు. పెట్టె అతని ముందు పెట్టాను.

మూత తీశాడు.  వేలితో ఒక పువ్వుని ముట్టుకున్నాడు.

"ఏంటిది?"

"నువ్వే."

"నేనా?"

"నీ పేరున్న మొక్క. వలేరియానా."

"నా పేరుతో మొక్కుందా? ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి చెప్పలేదే!"

"చెప్పాను. పెళ్ళైన మొదటి వేసవిలోనే కాలవ గట్టు మీద చెప్పాను. నువ్వే విన..." అని ఆగాను. గిజేలా గట్టిగా దగ్గి, కేకు చూడాలంటూ పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి ఆపేసే ఉంది.

అతను కార్డు విప్పాడు. లోపల తెల్లగా ఉంది. "ఏమీ రాయలేదేం?"

"ఏది రాసినా తప్పులే కనిపించాయి."

అప్పుడు నవ్వాడు. పెద్దగా కాదు. మళ్ళీ పూలు చూస్తూ, "ఇవన్నీ నువ్వే కోశావా? కొన్ని వంకరగా ఉన్నాయి, నీ పనిలా లేదు," అన్నాడు.

"చెయ్యి వణికింది. డిసెంబరులో విరిగింది."

"ఏది విరిగింది?"

చూపించాను. అతను కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకోకుండానే నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. దుంప తడి అంటిన వేళ్ళు. మొహం ఎర్రబడింది.

"నాకెందుకు చెప్పలేదే? ఆస్పత్రికెవరు తీసుకెళ్ళారు? బొత్తాలు ఎవరు పెట్టారు?"

"బొత్తాల్లేని చొక్కాలే వేసుకున్నాను. నువ్వేమో కప్పు పనిలో ఉన్నావు."

"ఏ కప్పు?"

గిజేలా కూడా ఇటు తిరిగింది. చెప్పక తప్పలేదు. మెట్లవరసలో ఏం చెప్పానో, లైబ్రరీలో ఏం చెప్పానో, మందుల షాపులో ఏం చెప్పానో, ఫాదర్‌గారికి సైతం ఏం చెప్పానో.  వలేరియన్ నోరు తెరిచి వింటున్నాడు.

"ఫాదర్‌కి కూడానా?"

"పెంకులు మారుస్తున్నారని చెప్పాను. ఎర్ర పెంకులని."

గిజేలా ముందు నవ్వింది. తర్వాత అతను. నేను నవ్వలేదు. అయితే ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి ఒక గదిలో నన్ను చూసి నవ్వారు, నేను చచ్చిపోలేదు.

"ఇంటికి రాను లూద్‌కా. ఇప్పుడే రాను," అన్నాడు బస్సు దగ్గర. "ఆదివారం వస్తాను. భోజనానికి. సాయంత్రం వెళ్ళిపోతాను."

"ఎన్నింటికి?"

"పన్నెండింటికి. పన్నెండున్నర కూడా అవచ్చు. ఆ అరగంట గురించి ఏమీ అనకు."

అనలేదు. బస్సెక్కాను.

ఏప్రిల్ 19, ఆదివారం

పన్నెండూ నలభైకి వచ్చాడు. నేను గడియారం చూసిన మాట నిజం.

కోడి చారు తిన్నాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు. ఎక్కువవలేదు. కానీ నీళ్ళ జగ్గు అతని వైపు జరిపాను. ఒతీలియా గారు మెట్ల మీద ఎదురై, "ఏం వలేరియన్ గారూ, ఎలా ఉన్నారు?" అంది, అంతే. కప్పు ఊసెత్తలేదు. ఆ మనిషిని నేనింకా పూర్తిగా అర్థం చేసుకోలేదు.

భోజనం అయ్యాక నది గట్టుకి నడుద్దామన్నాడు. వాన పడి బురదగా ఉంది, బూట్లు పాడవుతాయని నాకు తెలుసు, వెళ్ళాను. చెట్లు ఇంకా చిగురించలేదు, వెలుతురు నేల దాకా దిగుతోంది. నేలంతా తొందరపడి పూసింది. అతను నడుస్తూ నడుస్తూ ఆగి, బూటు కొనతో చూపించి, "అదేంటి?" అన్నాడు.

అడిగి ఎన్నేళ్ళైందో.

"తెల్ల అనిమోన్. కాడకి మూడు ఆకులు, పైన ఒక్క పువ్వు..." అక్కడితో ఆపాను.

పది అడుగులు వేశాక, "ఇది?"

"మియొదున్‌కా. పూసినప్పుడు గులాబీ, ముదిరితే నీలం."

"రెండు రంగులూ ఒకే కొమ్మకా?"

"ఒకే కొమ్మకి."

తల పంకించాడు. ఇంకాస్త దూరం వెళ్ళాక పసుపుపచ్చగా మెరుస్తున్న చిన్న చుక్కల్లాంటి పూలని చూపించాడు. అదీ చెప్పాను. ఒక్క ముక్కలో చెప్పాను.

"చాలు," అన్నాడు. "ఇవాళ్టికి మూడు చాలు. ఎక్కువైతే మర్చిపోతాను."

 వంతెన దాకా నడిచాం. దారికి రెండు వైపులా వెడల్పాటి ఆకులు గుంపులు గుంపులుగా, మా బూట్ల కింద నలిగి ఘాటుగా వాసన వేస్తూ. అతను వాటి వైపు చూడలేదు. అడగలేదు. పేరు నా నాలుక కొసన ఉంది, లాటిన్‌తో సహా. చెప్పలేదు. అతన్ని ఐదింటి రైలెక్కించాను, ఇంటికొచ్చాను, బూట్లు కడిగాను, ఇక్కడ రాసుకుంటున్నాను.

ఎలుగుబంటి వెల్లుల్లి. ఇంకా మొగ్గ తొడగలేదు.